గోడకివతల

చిత్తూరు సంతపేటలో నాది మిక్సీలు బాగుచేసే అంగడి.
గోడకవతల నీలవేణి ఆర్కెస్ట్రావోళ్ళ రేకుల షెడ్డు.
పదకొండేళ్ళుగా వాళ్ళ పాటలు వింటా ఉండాను,
ఒక్క పాటకూ మాటలు తెలీవు.
అడుగున్నర మందం రాతిగోడ
గొంతులు తాగేస్తాది, కీబోర్డు తాగేస్తాది,
దాటుకుని వచ్చేది ఒక్కటే:
స్క్రూలు పోసిన హార్లిక్స్ సీసాను కదిలించే
మొగిలి బాస్ గిటారు.

ఆ మొగిలే వచ్చినాడు మొన్న శుక్రవారం.
బిగించని మోటార్ల నడుమ గిటారు పండబెట్టి
"అనా, నేనెవురికీ ఇనపడటంలా" అన్నాడు.
"పెండ్లిలో మైకాయన్ని అడిగితే
నువ్వూ వాయిస్తా ఉండావా అంటాడు.
ఒక ప్రీయాంప్ కట్టియ్.
లావు శబ్దానికొక నాబు, సన్నదానికొక నాబు."
నీ వాయింపంతా విన్నోడు ఊళ్ళో నేనొక్కణ్ణే అని
నోటిదాకా వచ్చింది. చెప్పలా.
అడ్వాన్సు నూర్రూపాయలు తీసుకున్నా.

బిల్లుబుక్కు వెనకపక్క గీసినాను.
శబ్దం వచ్చే దోవ ఒకటి, మళ్ళీ ఎనక్కి పోయే దోవ ఒకటి,
నడుమ ఎనిమిది కాళ్ళ నల్ల ఐసీ.
నాబు నట్టనడుమ నిలబెడితే
వచ్చిందీ పోయిందీ సమానం, ఏ మార్పూ ఉండదు.
"దానికి ఇన్ని పార్ట్సా?" అనింది మా దేశమ్మ, అన్నం గిన్నె పట్టుకుని.
అవును మే,
ఉన్నదాన్ని ఉన్నట్టు పంపించేదానికే
సగం పెట్టె కాలీ అయిపోయింది.

తొలిరాత్రే గుర్రు పట్టుకుంది.
కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతాది.
మొగిలి లావుతీగ మూడో మెట్టు నొక్కితే నలభైతొమ్మిది.
పక్కపక్కనే ఉండి కలవలేక
రెండూ సెకనుకొకసారి ఉబ్బి, సెకనుకొకసారి కుంగి,
పడుకున్న ఎద్దు డొక్క మాదిరి.
గుర్రును కోద్దామంటే వాడి స్వరమూ తెగిపోతాది.
ట్రాన్స్‌ఫార్మరు పెరికేసి తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టినాను,
మామిడిగుజ్జు టిన్నులో బోర్డు బిగించి, టిన్నుకు ఎర్తు కట్టినాను.
అప్పుడు దొరికింది నిశ్శబ్దం,
ఇంత, గోరంత.

కెపాసిటరు దగ్గర నిలిచిపోయినాను.
పుస్తకం ఒక విలువ చెప్తాది.
నాకు కావాల్సింది ఈ గోడలో ఉండాది.
అవతల వాడు సాధన చేస్తా ఉంటే
ఒక చెవి సున్నానికి ఆనించి, ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టి,
నలభైఏడు నానో. కాదు.
అరవైఎనిమిది. దగ్గరకొచ్చింది, కాదు.
చచ్చిన టీవీ నుంచి పెరికిన ఎర్రది, వంద.
దానికి పది కిలోఓముల రెసిస్టరు జోడిస్తే
నూటఅరవై దగ్గర మెల్లిగా కిందికి దిగింది.
రెండు చెవులూ ఒకటైనాయి.
ఆ రాళ్ళు పేర్చిన మేస్త్రీ
ఏ లెక్క చూసి పేర్చినాడో.

నిన్న సాయంత్రం తొలిసారి గోడకవతలికి పోయినాను.
పాటలకు మాటలుండాయి!
పాడే పిల్ల 'ళ' దగ్గర నాలుక మడిచి నవ్వుతాది.
అంత సందడిలో మొగిలిని వెతుక్కున్నాను,
వేళ్ళు కనపడతా ఉండాయి, మోత చిక్కలా.
వాడు నా తట్టు చూసి నాబు కొసాకి తిప్పినాడు.
"ఏందిరా ఇది, కడుపులో గుద్దతా ఉండాది"
అని కీబోర్డాయన కసిరినాడు.
పదకొండేళ్ళలో వాణ్ణి ఎవురన్నా కసరడం అదే మొదులంట.
మొగం చాటంత చేసుకున్నాడు.

గమ్మున లేచి అంగట్లోకి వచ్చేసినాను.
లైటు వెయ్యలా.
మాటలన్నీ రాయి తాగేసింది, మళ్ళీ వాడొక్కడే వచ్చినాడు
సీసాలో స్క్రూలన్నీ కుదుపుతా.
కొంచెం ఎక్కువే పెట్టినాడు.
పావు తిప్పు తగ్గించరా అని
గోడ మీద రెండుసార్లు తట్టినాను.
తట్టు అటుపక్కకి దాటిందో లేదో.
రెండో చరణంలో
సీసా నిమ్మళించింది.